పాలమూరు కోటలు: ఖిల్లా ఘణపూర్, గోన వారి గిరిదుర్గం

ఖిల్లా ఘణపూర్ వనపర్తి జిల్లాలో ఒక మండల కేంద్రం. వనపర్తి పట్టణానికి ఉత్తరాన, మహబూబ్‌నగర్‌కు దక్షిణాన రాళ్ల గుట్టల నడుమ ఉంటుంది. ఊరికి ఆనుకుని ఉన్న రెండు గుట్టలను కలుపుతూ ఒకప్పుడు కోట కట్టారు. గుట్టల మీద రాతి గోడలు, బురుజులు, వాననీటిని పట్టి ఉంచిన దొనలు ఉన్నాయి. దిగువన గణపసముద్రం చెరువు, దాని కింద వరిమళ్లు. కోట పేరు చెప్పి ఊరిని గుర్తుపట్టడం అలవాటైపోయింది గానీ, ఎనిమిది వందల ఏళ్లుగా ఇక్కడ జనం నిలదొక్కుకోవడానికి అసలు కారణం ఆ చెరువు. ఈ ఊరి చరిత్రను కోట వైపు నుంచి చదివితే యుద్ధాల వరుస ఒక్కటే కనిపిస్తుంది, చెరువు వైపు నుంచి చదివితే ఊరు కనిపిస్తుంది.

తెలంగాణలో ఘణపురాలు చాలా ఉన్నాయి. జనగామ జిల్లాలో స్టేషన్ ఘన్‌పూర్ ఉంది. కాకతీయుల కోటగుళ్లున్న ఘణపురం భూపాలపల్లి జిల్లాలో ఉంది. కాకతీయ రాజు గణపతిదేవుడి పేరుతోనో, ఆయన పేరు పెట్టుకున్న సామంతుల పేరుతోనో వెలసిన గణపపురాలు కాలక్రమంలో ఘణపురాలయ్యాయి. వాటిలో దీన్ని వేరుగా చెప్పడానికి ముందు ఖిల్లా చేర్చారు. గోన గణపరెడ్డి 13వ శతాబ్దంలో తన ప్రభువు గణపతిదేవుడి గౌరవార్థం ఊరు కట్టి, కోట లేపి, చెరువు తవ్వించాడని స్థల చరిత్ర చెబుతుంది.

గణపతిదేవుడు 1199 నుంచి 1262 వరకు ఓరుగల్లు నుంచి పాలించాడు. తెలుగు నేలలో ఎక్కువ భాగాన్ని ఒకే ఏలుబడి కిందికి తెచ్చినవాడు ఆయనే. అంత రాజ్యాన్ని ఓరుగల్లులో కూర్చుని నడపడం సాధ్యం కాదు కనుక సరిహద్దులను నమ్మకమైన సామంత కుటుంబాలకు అప్పగించాడు. నైరుతి దిక్కున, కృష్ణకు ఇవతల, ఆ బాధ్యత గోన వంశం మీద పడింది. వారి రాజధాని వర్ధమానపురం. అది నేటి నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లి మండలంలోని నంది వడ్డెమాన్. ఇప్పుడు ఆ ఊరికి జనం ఎక్కువగా శనేశ్వరుడి గుడి కోసం వెళుతున్నారు. ఒక సీమను ఏలిన రాజధాని అదేనన్న సంగతి దారిన పోయేవారిలో కొద్దిమందికే తెలుసు. మరో పెద్ద సామంత కుటుంబం మల్యాల వారు. ఘణపురానికి ఉత్తరాన ఉన్న బూదపురం, అంటే నేటి భూత్పూర్, వారి శాసనాలతో చరిత్రకెక్కింది.

ఈ రెండు కుటుంబాలకు వియ్యం ఉంది. గోన బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబిక మల్యాల గుండ దండనాథుడి భార్య. భర్త పోయిన తరువాత ఆయన పేరిట గుండేశ్వరుణ్ణి నిలిపి 1276లో ఆమె వేయించిన శాసనం బూదపురంలో దొరికింది. తెలుగులో కవిత్వం చెప్పిన తొలి స్త్రీ ఆమేనని సాహిత్య చరిత్రకారులు కొందరు భావిస్తారు. ఆమె తండ్రి బుద్ధారెడ్డి ద్విపదలో రంగనాథ రామాయణం రచించాడు. దానికి ఉత్తరకాండను ఆయన కొడుకులు కాచ విభుడు, విఠలుడు పూర్తి చేశారు. కత్తి పట్టిన ఇంట్లోనే తండ్రి, కొడుకులు, కూతురు రచన చేశారన్నది పాలమూరు చరిత్రలో మరీమరీ చెప్పుకోదగ్గ విషయం. పండితుల కోసం కాక పాడుకునే జనం కోసం ద్విపదను ఎంచుకున్న ఆ రామాయణం కరువు సీమగా పేరుపడిన ఈ మెట్ట నేలలో పుట్టింది. ఈ ప్రాంతాన్ని వెనుకబాటుతనంతోనే కొలిచే అలవాటు ఎంత అన్యాయమో ఈ ఒక్క విషయం చాలు చెప్పడానికి.

ఈ ఇంటి మనిషే గోన గన్నారెడ్డి. అడివి బాపిరాజు నవల వల్ల, 2015లో గుణశేఖర్ తీసిన రుద్రమదేవి సినిమా వల్ల ఆయన పేరు ఇంటింటికీ చేరింది. అయితే నవలలోని సాహస బందిపోటు కల్పన. శాసనాల్లో కనిపించే గన్నారెడ్డి కాకతీయుల సరిహద్దు సేనాని. ఆయనకు సాక్ష్యం ఘణపురంలో కాదు, కృష్ణకు ఆవల రాయచూరులో ఉంది. రాయచూరు కోట గోడలో నలభై అడుగులు మించిన పొడవున్న ఒకే రాయి మీద 1294 నాటి తెలుగు శాసనం చెక్కారు. గోన గన్నయరెడ్డి కింద పనిచేసిన విఠలనాథుడు ఆదవని, తుంబళం, మానువ, హాలువ కోటలను పట్టుకుని, రాయచూరు చేరి అక్కడ బలమైన కోట కట్టించాడని అందులో ఉంది. అప్పుడు ఓరుగల్లులో ప్రతాపరుద్రుడు రాజు. అవతలి పక్షం దేవగిరి యాదవులది.

ఆ శాసనం పక్కనే గోడ మీద ఒక బొమ్మ ఉంది. అంత పెద్ద రాతిని బండి మీద ఎక్కించి దున్నపోతుల వరుస చేత లాగిస్తుండగా, మనుషులు చక్రాల కింద మీటలు వేసి నెడుతూ అదిలిస్తున్నారు. మన కోటలను కట్టిన పనివాళ్లు పనిలో ఉండగా చూపించే బొమ్మలు ఎంత అరుదో తలచుకుంటే దీని విలువ తెలుస్తుంది. గోన వారి దగ్గర రాతి పనికి ఎంతటి సామర్థ్యం ఉందో ఆ చిత్రమే చెబుతుంది. ఘణపురం గుట్టల మీద గోడలు లేపిన పనితనం కూడా ఆ కాలపు ఆ కుటుంబానిదే.

కోటకు ఈ చోటు ఎంచుకోవడంలో నేల స్వభావమే దారి చూపింది. పాలమూరు అంతటా నల్లసేనపు రాతి గుట్టలు ఒక్కొక్కటిగా మైదానంలోంచి పైకి లేస్తాయి. రాయి అక్కడిదే కాబట్టి మోత తక్కువ. నున్నటి బండ వాలు శత్రువు ఎక్కడానికి వీలివ్వదు కనుక గోడ అంతటా కట్టనక్కరలేదు, గుట్టకు గుట్టకు మధ్య పల్లపు సందులు మూస్తే చాలు. రెండు గుట్టలను కలిపే గోడ పని అదే. బండ పగుళ్లలో, పల్లాల్లో నిలిచే వాననీరు ముట్టడి వేళ లోపలివారికి ఆధారం. ఇలాంటి కోటలు ఈ సీమలో ఒక వరుసగా ఉన్నాయి. వాయవ్యాన కోయిల్‌కొండ, నడుమ ఘణపురం, దక్షిణాన కృష్ణ వైపు పానగల్లు. రాయచూరు అంతర్వేది నుంచి తెలంగాణలోకి దండు దిగాలన్నా, ఇటునుంచి అటు కదలాలన్నా ఈ కోటల దృష్టి తప్పించుకుని పోవడం కష్టం.

కోట కాపలాకు మనుషులు కావాలి, మనుషులకు తిండి కావాలి. ఏడాదంతా కలిపినా వాన 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే ఈ నేలలో ఏడాది పొడవునా పారే ఏరు దగ్గరలో లేదు. జొన్న, కొర్ర, ఆముదం వేసుకునే ఎర్రచెల్క నేలలో వరి పండాలంటే నీటిని కట్టి నిలపాలి. కాకతీయుల కాలపు సామంతులు ఈ లెక్క బాగా తెలిసినవారు. చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో ఒకటని, కొడుకును కన్నంత పుణ్యమని అప్పటివారి నమ్మకం. ఆ పుణ్యం వెనుక గట్టి ఆర్థికమూ ఉంది. చెరువు కట్టించినవారికీ, తెగితే బాగుచేయించినవారికీ దాని కింది సాగులో పదో వంతు హక్కు దక్కేది. దాన్ని దశబంధం అన్నారు. గుడికి ఇచ్చిన భూమి చెరువు కింద ఉంటేనే దానికి విలువ. ఊరు, గుడి, చెరువు ఈ మూడూ కలిసి పుట్టిన క్రమం కాకతీయుల నేలంతటా ఉంది. రామప్ప దగ్గర అదే, పాకాల దగ్గర అదే, గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ కట్టించిన బయ్యారం చెరువు దగ్గరా అదే.

గణపసముద్రం ఆ కోవలోదే. గుట్టల మధ్య నుంచి వాన వరద దిగే దారిని చూసి, రెండు మిట్టల నడుమ అడ్డంగా మట్టికట్ట పోశారు. నీరు తాకే వైపు రాళ్లు పేర్చడం, కట్ట అడుగున రాతి తూము పెట్టడం, ఎక్కువైన నీరు కట్ట మీదుగా కాక పక్కనున్న గట్టి నేల మీదుగా పోయేట్టు మత్తడి విడవడం ఆనాటి పద్ధతి. కట్ట ఎత్తును నిర్ణయించేది మత్తడి ఎత్తే. అక్కడ లెక్క తప్పితే మొదటి పెద్ద వానకే కట్ట తెగుతుంది. ఒక చెరువు మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువులోకి, అక్కడినుంచి కుంటల్లోకి చేరేలా అమర్చిన గొలుసుకట్టు వల్ల ఒక వాన చాలా ఊళ్లకు అక్కరకొచ్చేది. తూము తెరిచి మూసే బాధ్యత నీరటిది. ఏ మడికి ఎన్ని జాముల నీరో ఆయన మాటే చెల్లేది. ఆ పనికి పంటలో మేర ఉండేది. మట్టి పని ఉప్పరులది, రాతి పని వడ్డెరలది. రాజు పేరు శాసనంలో ఉంది గానీ వీరి పేర్లు ఎక్కడా లేవు. ఎనిమిది వందల ఏళ్ల పాటు కట్ట నిలిచిందంటే ప్రతి తరంలోనూ ఎవరో పూడిక తీసి, గండి పూడ్చి, తూము బాగుచేస్తూ వచ్చారన్న మాట. కోట గోడకు ఆ భాగ్యం దక్కలేదు.

ఘణపురం నిలదొక్కుకుంటున్న రోజుల్లోనే ప్రపంచంలో మరోచోట చిన్న కోటపట్టణాలు వెలుస్తున్నాయి. జర్మనీ దక్షిణ భాగంలో తౌబర్ నదీలోయకు పైన మిట్ట మీద రోథెన్‌బర్గ్ ఉంది. 1274లో, అంటే ఓరుగల్లులో రుద్రమదేవి పాలిస్తున్నప్పుడు, జర్మన్ రాజు రుడాల్ఫ్ ఆ ఊరికి స్వతంత్ర నగర హోదా ఇచ్చాడు. అక్కడ పట్టణాన్ని నడిపింది పట్టణంలోని సంపన్న కుటుంబాలు. వారి హక్కులు రాతపూర్వకంగా పట్టణ సభ దగ్గర భద్రంగా ఉండేవి. 1631లో ముప్పై ఏళ్ల యుద్ధంలో ఆ ఊరు శత్రువు చేత చిక్కి చితికిపోయింది. కొత్త ఇళ్లు కట్టే స్తోమత లేక పాత ఇళ్లు అలాగే ఉండిపోయాయి. ఆ పేదరికమే 19వ శతాబ్దంలో చిత్రకారులనూ యాత్రికులనూ రప్పించింది. 1945 మార్చి 31న బాంబులు పడి కోట గోడలో కొంత భాగం కూలితే, ప్రపంచం నలుమూలల నుంచి దాతలు డబ్బు పంపి తిరిగి కట్టించారు. ఇచ్చినవారి పేర్లు ఆ గోడ రాళ్ల మీద ఈనాటికీ చదవవచ్చు. ఘణపురంలో రాజు ఇచ్చిన హక్కు పత్రం లేదు, పట్టణ సభ లేదు. ఇక్కడి హక్కులన్నీ చెరువు నీటి చుట్టూ, నీరటి మాట చుట్టూ, పంట మేరల చుట్టూ అల్లుకున్నవి. అవి కాగితం మీద లేకపోవడం వల్ల చరిత్ర పుస్తకాల్లోకి రావడం ఆలస్యమైంది.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల చేతికి పోయింది. గోన వారి ఊసు అక్కడితో ఆగింది. తరువాతి రెండు వందల నలభై ఏళ్లు ఈ సీమ సరిహద్దు సీమే. 1347లో ఏర్పడిన బహమనీ రాజ్యం ఒకవైపు, విజయనగరం మరోవైపు, మధ్యలో రాచకొండ, దేవరకొండ నుంచి ఏలిన రేచర్ల పద్మనాయకులు. ఈ మధ్యవారు ఎవరి పక్షం చేరితే వారిది పైచేయి అయ్యేది. 1417 ప్రాంతంలో బహమనీ సుల్తాను ఫిరోజ్‌షా పానగల్లును ముట్టడించాడు. రెండేళ్లు గడిచినా కోట లొంగలేదు. సైన్యంలో రోగాలు ప్రబలి మనుషులు, గుర్రాలు రాలిపోయాయి. మొదటి దేవరాయలు వచ్చిపడి సుల్తానును తరిమాడు. ఆ పానగల్లు ఇక్కడిదా, నల్గొండ పక్కనున్నదా అని చరిత్రకారుల్లో వాదం ఉంది. ఏ పానగల్లయినా, రాచకొండ దొరలు ఎటు మొగ్గుతారన్నదే ఆ కాలపు యుద్ధాలను తేల్చిన అంశం.

16వ శతాబ్దం మొదట్లో గోల్కొండలో సుల్తాన్ కులీ తన స్వంత రాజ్యాన్ని స్థిరపరచుకున్నాడు. దక్షిణానికి దారి కోసం ఆయన రాచకొండ, దేవరకొండ, పానగల్లు, ఘణపురం, కోయిల్‌కొండలను ఒక్కొక్కటిగా పట్టుకున్న వృత్తాంతం కుతుబ్‌షాహీ చరిత్రల్లో ఉంది. ఎడారిలోనో మైదానంలోనో జరిగే యుద్ధం వేరు, ఇక్కడి యుద్ధం వేరు. ఒక్కో గుట్ట ఒక్కో ముట్టడి. అప్పటికి తుపాకిమందు వచ్చేసింది. దానితో కోటల అవసరాలు మారాయి. బురుజులు వెడల్పయ్యాయి, వాటి మీద ఫిరంగి తిప్పడానికి చోటు వచ్చింది, గోడల పైన సున్నంతో పిట్టగోడలు లేచాయి. పాలమూరు కోటల్లో కింద గచ్చు లేకుండా పేర్చిన పెద్ద రాళ్లు, పైన సున్నం గచ్చుతో కట్టిన చిన్న రాళ్లు కనిపిస్తే అవి రెండు కాలాలవని గుర్తు.

కోట సుల్తానులదైనా లోపల కాపలా కాసింది తెలుగు నాయకవాడీలే. ఈ మాటకు తిరుగులేని సాక్ష్యం ఘణపురానికి పొరుగునున్న కోయిల్‌కొండలో ఉంది. 1550లో గోల్కొండ సుల్తాను జంషీద్ కుతుబ్‌షా చనిపోయాక, విజయనగరంలో ఏడేళ్లు తలదాచుకున్న ఆయన తమ్ముడు ఇబ్రహీం గద్దె కోసం తిరిగి వచ్చాడు. కోయిల్‌కొండ నాయకవాడీలు ఆయనకే కట్టుబడి ఉంటామని ప్రమాణం చేసి, ఆ ప్రమాణాన్ని తెలుగులో రాతి మీద చెక్కించారు. గోల్కొండ రాజు ఎవరన్నది గుట్ట కోటల్లోని తెలుగు కాపలాదారుల మాట మీద ఆధారపడిన ఘట్టం అది. ఇబ్రహీం తెలుగు కవులను ఆదరించి మల్కిభరాముడని పిలిపించుకోవడం వెనుక విజయనగరపు ఏడేళ్లతో పాటు ఈ కోటల అండ కూడా ఉంది.

1565లో రాక్షసి తంగడి యుద్ధంతో విజయనగరం కూలింది. సరిహద్దు దక్షిణానికి జరిగిపోయింది. ఎదురు శత్రువు లేని కోటకు సైన్యాన్ని పోషించే ఖర్చు ఎవరు పెడతారు? ఘణపురం కోటను ఏ ఫిరంగీ పడగొట్టలేదు, అక్కర తీరిపోయి అది పడింది. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. 1724 నుంచి అసఫ్‌జాహీల పాలన వచ్చింది. ఈ సీమలో అధికారం కొండ కోటల నుంచి సంస్థానాల గడీలకు దిగివచ్చింది. గద్వాల, వనపర్తి, జటప్రోలు, గోపాల్‌పేట, అమరచింత సంస్థానాల పేర్లే తరువాతి రెండు వందల ఏళ్ల పాలమూరు చరిత్ర నిండా వినిపిస్తాయి. వాటి మధ్య ఘణపురం పన్ను కట్టే ఊరుగా, చెరువు కింద పంట పండించే ఊరుగా మిగిలింది.

నీటిని కట్టే సంప్రదాయం మాత్రం సంస్థానాల కాలంలోనూ తెగలేదు. వనపర్తి రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరిట కొత్తకోట సమీపంలో తలపెట్టిన సరళాసాగర్‌కు 1949లో పునాది పడి, 1959లో అది పూర్తయింది. నీరు ఒక మట్టానికి చేరగానే మనిషి చెయ్యి పడకుండా దానంతట అదే పారే సైఫన్ ఏర్పాటు దాని ప్రత్యేకత. 2019 డిసెంబరు 31న దాని కట్ట తెగింది. కాకతీయుల నాటి కట్టకైనా ఆధునిక కట్టకైనా ఏటేటా చూసుకునే మనిషి ఉండాలని ఆ గండి చూపించింది.

నిజాం పాలనలో 1890లో పాలమూరు పట్టణం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరిట మహబూబ్‌నగర్ అయింది, జిల్లాకూ అదే పేరు వచ్చింది. 1948లో హైదరాబాద్ రాజ్యం భారత్‌లో కలిసింది, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1985లో మండలాలు వచ్చినప్పుడు ఘణపురం మండల కేంద్రమైంది. ఈ మార్పుల కాలంలోనే చెరువుల వ్యవస్థ చితికింది. నీరటి మేరలు పోయాయి, దశబంధాలు రద్దయ్యాయి. చెరువు ప్రభుత్వ శాఖదైంది, చెరువు లోపలి శిఖం భూములు ఆక్రమణల పాలయ్యాయి. పూడిక తీసే దిక్కు లేక చెరువులు మెరకయ్యాయి. బోర్లు ఎండిన ఏళ్లలో జనం వలసపోయారు. గుంపు మేస్త్రీ ఇచ్చిన బయానా తీసుకుని, కుటుంబాలకు కుటుంబాలు దేశంలోని ఆనకట్టల పనులకు, కాలువల తవ్వకాలకు, రోడ్ల పనులకు తరలిపోయాయి. పాలమూరు లేబర్ అన్న పేరు అలా పుట్టింది. మట్టి కోసి కట్ట పోసే పని వీరికి ఎవరూ నేర్పనక్కరలేదు, తరతరాలుగా ఊరి చెరువు దగ్గర నేర్చిందే. పరాయి ఊళ్లకు నీరు తెచ్చే ఆనకట్టలు కట్టిన చేతులు సొంత ఊళ్లో చెరువు మెరకైపోతుంటే చూస్తూ ఉండాల్సి రావడం ఈ సీమ అనుభవించిన పెద్ద దుఃఖం.

2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చాక 2015లో చెరువుల పూడికతీతకు మిషన్ కాకతీయ మొదలైంది. పథకానికి ఆ పేరు పెట్టడంలోనే ఈ చెరువులు ఎవరివో ఒప్పుకోలు ఉంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఖిల్లా ఘణపూర్ మండలం వనపర్తి జిల్లాలోకి వచ్చింది. కొల్లాపూర్ దగ్గర ఎల్లూరు వద్ద శ్రీశైలం జలాశయపు వెనుక నీటిని ఎత్తి, మెట్లుమెట్లుగా పైకి తెచ్చే కల్వకుర్తి ఎత్తిపోతల పథకం కాలువలు ఈ ప్రాంతానికి చేరాయి. గోన వారు వాననీటిని నమ్మి కట్టిన గణపసముద్రాన్ని కృష్ణ నీటితో నింపే రిజర్వాయరుగా మార్చాలని తలపెట్టారు. యాసంగి వరి మళ్లీ ఈ ఊళ్లలో మామూలు మాటయింది. కోట వైపు మాత్రం ఇంత కదలిక లేదు. గోడల సందుల్లో మర్రి, రావి వేళ్లు దిగి రాళ్లను విడదీస్తున్నాయి. గుప్తనిధుల ఆశతో జరిగే తవ్వకాలు తెలంగాణ కోటలన్నిటికీ పట్టిన చీడ. ముళ్లచెట్లు నరికి మెట్లదారి బాగుచేయడం, వేళ్లను తొలగించి జారిన రాళ్లను ఎత్తిపెట్టడం, దొనలలో పూడిక తీయడం మొదట చేయవలసిన పనులు. వీటిలో ఏదీ వడ్డెర పనివాడికి తెలియని విద్య కాదు, ఆ పనివాళ్లు ఘణపురం చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నారు.